‘తల్లి అశ్రద్ధ’ అని రాసిన కాగితం

నా కూతురి పళ్ళు పదిహేనో ఏడు నిండకముందే అన్నీ ఊడిపోయాయి. ఎందుకు ఊడుతున్నాయో తెలియని ఒక పళ్ళ డాక్టరు, తెలియదని రాయడం నామోషీ అనుకొని, కేసు కాగితం మీద "తల్లి అశ్రద్ధ, పిల్లకు పళ్ళు తోమించడం లేదు" అని రాశాడు. అది అబద్ధం. రాసినప్పుడూ అబద్ధమే, ఇవాళా అబద్ధమే. కాకపోతే రాసినవాడు పెద్ద చదువులు చదివినవాడు, తెల్లకోటు వేసుకున్నవాడు, మంచి సిరాపెన్ను ఉన్నవాడు. అందుకని అది ఏళ్ళ తరబడి నిజం కింద చెలామణి అయింది.

నేను చదివింది నాలుగో తరగతి. అదీ పూర్తిగా కాదు. నయాపూల్ దగ్గర, కోర్టు ఎదుటి సందులో ఒక దుకాణంలో పుస్తకాలకు జిల్దులు కట్టేవాణ్ణి. కోర్టు తీర్పుల కట్టలు, వకీళ్ళ లావుపాటి పుస్తకాలు, కాలేజీ లైబ్రరీల నుంచి వచ్చే పత్రికలు మా చేతుల మీదుగా పోయేవి. విడి కాగితాలను వరసలో పేర్చాలి, పేజీ అంకెలు సరిచూడాలి, కుట్టాలి, అట్ట వేయాలి. అంకె చూసేవాడి కన్ను పక్కనున్న మాట మీద పడకుండా ఉండదు. అట్లా నా తెలుగు గట్టిపడింది, ఉర్దూ వచ్చింది, అట్ట ఊడిన ఒక డిక్షనరీని పట్టుకొని ఇంగ్లీషును కూడా ఈడ్చుకొచ్చాను. నేను పలికే ఇంగ్లీషు విని చదువుకున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వనీ. పలకడం వాళ్ళకు బాగానే వచ్చు, చదవడమే ఎప్పుడో మానేశారు.

మా ఇల్లు గౌలిపురలో. నాలుగిళ్ళ అవతల మా మేనమామ ఇల్లు, ఆయన బర్రెలు, తెల్లారకముందే పాలడబ్బాల చప్పుడు. ఆయన కూతురే నా భార్య. పెళ్ళికి ముందూ నన్ను బావా అనేది, పెళ్ళయ్యాకా బావా అనేది. పెళ్ళంటే ఆమెకు నాలుగిళ్ళు ఇవతలికి రావడం, అంతే. మా ఇద్దరికీ అరవైల చివర్లో ఆడపిల్ల పుట్టింది.

పిల్లకు ఏడాదిన్నర వచ్చేసరికి అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి, మందమై, పొట్టు లేవడం మొదలైంది. చలికాలంలో పగుళ్ళు. చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేస్తే ఏడుపు. పళ్ళు మాత్రం అందరు పిల్లల్లాగే వేళకు వచ్చాయి, తెల్లగా, బియ్యపు గింజల్లా. వచ్చిన కొన్నాళ్ళకే చిగుళ్ళు వాచాయి, రక్తం, చీము, నోటి దగ్గరికి మొహం పెట్టలేనంత వాసన. మూడేళ్ళకు పళ్ళు కదిలాయి. నాలుగున్నర దాటేసరికి ఒక్కటి లేదు. జొన్నరొట్టె పాలల్లో నానబెట్టి, పిసికి పెట్టేది నా భార్య. వింత ఏమిటంటే, పళ్ళన్నీ పోయాక చిగుళ్ళు ఏమీ జరగనట్టు మానిపోయాయి. గులాబి రంగు బోసినోరు, చంటిపిల్ల నోరు.

వాడలో ఒకావిడ మా గడపలో కూర్చొని అన్నది: "పిల్లకు పాలపళ్ళు గిట్ల ముందుగాల పోతే కొత్త పళ్ళు ఇనుప ముక్కల లెక్క వస్తయి తియ్."

వచ్చాయి. ఏడో ఏడు వచ్చాయి. ఆ రోజుల్లో మా ఇంట్లో పళ్ళకు జరిగినంత సేవ దేవుడి పటానికి కూడా జరగలేదు. మా వాడలో అందరూ పొద్దున బొగ్గుతోనో, బూడిదతోనో, వేపపుల్లతోనో ఒకసారి తోముకునేవాళ్ళు. రాత్రిపూట కూడా పళ్ళు తోముకుంటారన్న మాటే ఎవరికీ తెలియదు. నా భార్య పిల్లకు మెత్తటి కుంచె బ్రష్షు తెప్పించింది. పొద్దున ఒకసారి, రాత్రి అన్నం తిన్నాక ఒకసారి, మధ్యలో ఉప్పునీళ్ళు. పిల్ల చేతికి బ్రష్షు పట్టు దొరకదు, అరచెయ్యి పగిలి ఉంటుంది గనక. కాబట్టి తనే ఎదురుగా కూర్చోబెట్టుకొని, గడ్డం పట్టుకొని, ఒక్కో పన్ను తోమేది. ఇది నేను కళ్ళారా చూసిన సంగతి. ఆ కాగితం రాసినవాడు చూడని సంగతి.

అంత చేసినా చిగుళ్ళు మళ్ళీ వాచాయి.

పెద్దాసుపత్రికి పోయాం. అక్కడి పద్ధతి చెప్పాలి, ఎందుకంటే మా కథంతా ఆ పద్ధతిలోనే ఇరుక్కుపోయింది. కిటికీ దగ్గర చీటీ ఇచ్చేవాడు ఏం రోగం అని అడుగుతాడు. ఒక చీటీకి ఒకే గది. చేతులు అంటే చర్మం గది చీటీ, అది ఒక భవనం, దానికి ఒక రోజు. నోరు అంటే పళ్ళ గది చీటీ, అది ఇంకో భవనం, ఇంకో రోజు. చేతులూ నోరూ ఒకే పిల్లవి అని చీటీ ఇచ్చేవాడికి చెప్పి చూశాను.

"అన్నా, మనిషికి చీటీ ఇయ్యం. రోగానికిస్తం," అన్నాడు. చాలా తెలివైన మాట అన్నానని పక్కవాడి వంక చూసి మురిసిపోయాడు కూడా.

చర్మం డాక్టరు ముందు పిల్ల కూర్చోగానే అలవాటుకొద్దీ నోరు తెరిచింది. ఆయన "నోరు మూసుకో తల్లీ, చెయ్యి చూపించు చాలు," అన్నాడు. చూసి ఒక లేపనం రాశాడు. నోటి సంగతి నేను ఎత్తితే, "అది మా డిపార్ట్‌మెంట్ కాదు," అన్నాడు. ఆ మాటను ఆయన ఎంత హాయిగా అన్నాడని! భుజం మీది మూట దించుకున్నట్టు.

పళ్ళ గది రోజున అసలు లోపలిదాకా పోనేలేదు. వరసలో నిలబడ్డప్పుడు అక్కడి వార్డుబాయి పిల్ల చేతులు చూసి, "కుష్టు, కుష్టు, లైన్ల నుంచి జరుగున్రి," అని కేక పెట్టాడు. ముందున్నవాళ్ళు, వెనకున్నవాళ్ళు బెదిరిపోయారు. ఎడమ పక్కన ఒకాయన తన పిల్లాణ్ణి ఎత్తుకొని గోడదాకా పారిపోయాడు. మేం ఇంటికొచ్చాం.

ఆ సాయంత్రం నాకు గొప్ప ఆలోచన వచ్చింది. గొప్ప అని ఎందుకంటున్నానంటే, ఆ వేళ నాకు అట్లాగే అనిపించింది. మా వెనకింట్లో, వాడంతా ఖాలా అని పిలిచే ముసలావిడ వాకిట్లో, మెహందీ చెట్టు ఉంది. పండగలకు, పెళ్ళిళ్ళకు వాడంతా ఆకు అక్కడే కోసుకునేది. అరచేతులు, అరికాళ్ళు నిండా మెహందీ పెడితే ఎరుపు ఎవరికి కనబడుతుంది? పైగా చలవ. వార్డుబాయి నోరు మూతపడుతుంది, పిల్ల పళ్ళ డాక్టరు దాకా పోతుంది.

నా భార్య ఒప్పుకోలేదు. "దాసిపెడితే ఏమొస్తది బావా? డాక్టరుకే దాస్తమా?"

"వాడు పళ్ళ డాక్టరు. చేతులతో వానికేం పని?" అన్నాను. చీటీ ఇచ్చేవాడి తెలివే నాకూ అంటుకుంది చూడండి.

ఖాలా ఆకు నూరి తెచ్చింది. పిల్ల చేతులు పట్టుకొని చూసి, "హౌ మా, క్యా హాతాఁ హోగయే బచ్చీకే," అని, బిడ్డ చేతులు ఇట్లా అయిపోయాయే అని నిట్టూర్చి, తనే పెట్టింది. పండగ పెట్టుడు పెట్టింది, వేళ్ళ కొనల దాకా. మామూలు చర్మం మీదైతే నారింజ రంగు తేలుతుంది. మా పిల్ల మందపాటి చర్మం ఆ పసరును తాగేసి, మర్నాటికి నల్లటి ఎరుపు తేలింది. అంత పండిన మెహందీ వాడలో ఎవరి చేతికీ చూడలేదని ఖాలా సంబరపడింది. పిల్లా సంబరపడింది. ఎనిమిదేళ్ళది, చేతులు చాపి అందరికీ చూపించింది. అంతకుముందు ఎప్పుడూ చూపించలేదు.

వార్డుబాయి పంపించాడు. పళ్ళ డాక్టరు చుట్టూ చదువుకునే కుర్రాళ్ళు ఆరేడుగురు నిలబడి ఉన్నారు. ఆయన పిల్ల నోట్లోకి చూసి మొహం చిట్లించి, తర్వాత చేతులు చూశాడు. నా భార్యతో అన్నాడు:

"ఏమ్మా, మెహందీ బ్రహ్మాండంగా పెట్టావు. కాళ్ళక్కూడా పెట్టావా? భేష్. ఎప్పుడైనా పిల్ల నోట్లోకి చూశావా?"

"దినాం రెండుసార్లు నేనే తోముత సార్. ఉప్పునీళ్ళు పుక్కిలిపిస్త," అన్నది ఆమె.

"తోమితే ఇలా ఉంటుందా? ఎవరికి చెప్తావ్?" కుర్రాళ్ళ వైపు తిరిగాడు. "చూశారా, ఇదీ మన తల్లుల వరస. సోకులకి బోలెడు టైముంటుంది. బ్రష్షుకే ఉండదు."

కుర్రాళ్ళు నవ్వారు. మార్కులేసేవాడు జోకేస్తే నవ్వాలి కదా.

 నా భార్య నా వైపు చూసింది. సార్, ఆ రంగు కింద రోగం ఉంది, పెట్టించింది నేను అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. మళ్ళీ కుష్టు అంటారని, మళ్ళీ గెంటేస్తారని నేను నోరు మెదపలేదు. ఆ గదిలో ఆ పూట అందరికంటే హీనంగా ప్రవర్తించింది ఎవరంటే, డాక్టరుకు రెండో స్థానమే ఇస్తాను.

ఆయన కాగితం మీద రాశాడు. జిల్దులు కట్టేవాడు కాగితాన్ని తలకిందులుగానూ చదువుతాడు, అడ్డంగానూ చదువుతాడు. బల్లకు ఇవతల నుంచే ఆ ఇంగ్లీషు గిలుకుడంతా చదివాను. అందులో ‘నెగ్లిజెన్స్’, అంటే అశ్రద్ధ, అన్న మాట నాకు బాగా తెలుసు. లారీ కింద పడి మనిషి చచ్చిపోయిన కేసుల తీర్పుల్లో పేజీకి పదిసార్లు వచ్చేది. లారీ డ్రైవర్లకు వాడే మాటను నా భార్యకు వాడాడు.

దారిలో ఆమె అడిగింది. "ఏం రాసిండు బావా?"

"మందు రాసిండు," అన్నాను.

ఆ అబద్ధం ఒక్క నెల నిలబడింది. తర్వాతిసారి పోయినప్పుడు అక్కడి నర్సు ఆ కాగితం చూసి, వరసలో అందరూ వింటుండగా, "పళ్ళు తోమించని అమ్మవు నువ్వేనా?" అని అడిగింది.   మర్నాటి నుంచి నా భార్య పిల్ల పళ్ళు మూడుసార్లు తోమింది, నాలుగుసార్లు తోమింది. చిగుళ్ళ నుంచి రక్తం కారి గిన్నెలో నీళ్ళు ఎర్రబడేవి, పిల్ల గింజుకునేది, అయినా వదిలేది కాదు. ఒక రోజు నేను చెయ్యి పట్టుకొని ఆపితే బ్రష్షు నా మీదికి విసిరింది. "నువ్వు చదువుతవు గద. నువ్వు రాస్తవు గద. గా మాట కొట్టేపియ్యి. కొట్టేపిచ్చినంక వచ్చి నా చెయ్యి పట్టుకో."

ఆమె నన్ను పెళ్ళయినప్పటి నుంచి అడిగింది అదొక్కటే. ఆ ఒక్క మాట మీద గీత పడాలి. అంతకుమించి ఏమీ అక్కర్లేదు. నేను సరే అన్నాను.

ఆ తర్వాత రెండేళ్ళ వరకు ఎట్లా కొట్టేయించాలో నాకు దారి తెలియలేదు. పిల్లకు పదేళ్ళు నిండాక ఒక వైద్య కాలేజీ లైబ్రరీ నుంచి మా దుకాణానికి ఒక పెద్ద కట్ట వచ్చింది, విదేశాల నుంచి తెప్పించుకునే డాక్టరీ పత్రికలు. ఏళ్ళ వరుసన జిల్దు కట్టాలి. వాటిలో సగం ఎవరూ తెరిచిన జాడే లేదు, పేజీల అంచులు కోయకుండా అట్లాగే మూసుకొని ఉన్నాయి. ఆ అంచులు కోసింది నేను. డాక్టర్ల కోసం అచ్చయిన విద్యను మొట్టమొదట గాలికి తెరిచింది నాలుగో తరగతివాడి కత్తి అన్నమాట.

అంకెలు సరిచూస్తుంటే ఒక బొమ్మ వచ్చింది. పైన ఒక పిల్లవాడి రెండు అరచేతులు. కింద అదే పిల్లవాడి నోరు. చేతి పని ఆగిపోయింది. అవి మా పిల్ల చేతులే, అది మా పిల్ల నోరే.

మూడు రోజులు దుకాణం మూసే వేళ దాటాక కూడా కూర్చొని, డిక్షనరీ పక్కన పెట్టుకొని, ఆ వ్యాసం మొత్తం చేత్తో రాసుకున్నాను. బొమ్మను పలచటి కాగితం మీద గీసుకున్నాను. అందులో ఉన్నది ఇది: ఇది పుట్టుకతో వచ్చే జబ్బు, చాలా అరుదు. అరచేతులు, అరికాళ్ళు మందమవుతాయి, పళ్ళను పట్టి ఉంచే చిగుళ్ళూ ఎముకా చెడతాయి. పాలపళ్ళు పోతాయి, నోరు మానుతుంది, మళ్ళీ వచ్చిన పళ్ళూ పోతాయి. శుభ్రత ఎంత పాటించినా ఆగకపోవచ్చు. తల్లిలో సగం, తండ్రిలో సగం దాగి ఉండి, రెండూ కలిసిన బిడ్డలో బయటపడుతుంది. తల్లిదండ్రులు రక్తసంబంధీకులైన ఇళ్ళలో ఎక్కువగా కనిపిస్తుంది.

ఆ చివరి వాక్యాన్ని భార్యకు చెప్పాలా వద్దా అని పురానాపూల్ దాకా నడిచి, మళ్ళీ వెనక్కి నడిచి, చివరికి చెప్పాను. నేను భయపడ్డట్టు ఆమె ఏడవలేదు. ఇట్లా అన్నది:

"అంటే ఇద్దరం ఇచ్చినమన్నట్టు. సగం నీది, సగం నాది. మరి నా ఒక్కదాని పేరే ఎందుకు రాసిండు?"



వెంటనే ఆసుపత్రికి పోదామంటే పిల్ల చేతులకు మెహందీ ఉంది. ఆ రెండేళ్ళూ ఆసుపత్రి రోజు వచ్చినప్పుడల్లా పెడుతూనే వచ్చాం, వార్డుబాయికి భయపడి. మామూలు చేతి మీది రంగు రెండు వారాల్లో వెలిసిపోతుంది. ఈ చేతుల మీద చర్మం పొర మీద పొర, రంగు కింద రంగు. గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టింది నా భార్య, నూనె రాసింది, మెత్తటి గుడ్డతో రుద్దింది. పోదే! రెండు నెలలు పట్టింది. నేను పెట్టించిన రంగు పోయేదాకా ఆగాలి, ఆగలేక కింది పళ్ళు రెండు ఒకే వారంలో అన్నంలో రాలిపడ్డాయి. పిల్ల వాటిని కంచం అంచున పెట్టి తినడం కానిచ్చింది. అలవాటైపోయింది దానికి.

ఈసారి అదృష్టం. పళ్ళ గది వార్డుబాయి ఆ పూట లేడు. బల్ల దగ్గర చదువు పూర్తి కావస్తున్న చిన్న డాక్టరమ్మ ఉంది. నేను కాగితాలు తీయబోతే, "ముందు పిల్లని చూడనివ్వండి," అన్నది. నోరు చూసింది. నేను పిల్ల చేతులు రెండూ నోటికి రెండు పక్కలా పట్టి ఉంచాను, ఆ బొమ్మలో ఉన్నట్టు. ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"రెండూ ఒకటే జబ్బు," అన్నది. "ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదా మీకు?"

"ఎవరూ రెండూ ఒక్కతాన చూడలేదమ్మా. చీటీలు వేరు."

"నేనూ పుస్తకంలో ఒకసారి చూశాను, అంతే. పళ్ళు నిలుస్తాయని మాత్రం చెప్పలేను అంకుల్. పాడైనవి తీసేద్దాం, మిగిలినవి ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు కాపాడదాం."

తెలియదు అని చెప్పగలిగిన డాక్టరును నేను ఆ ఆసుపత్రిలో చూడటం అదే మొదలు. ఆమె నా భార్య చెయ్యి పట్టుకొని, "మీ తప్పు ఏం లేదమ్మా," అని కూడా అన్నది. నా భార్య వెంటనే అడిగింది: "గట్లైతే గది కొట్టెయ్యి బిడ్డా."

చిన్న డాక్టరమ్మ మొహం పాలిపోయింది. ఒక డాక్టరు రాసినదాన్ని ఇంకో డాక్టరు కొట్టకూడదట, అందులోనూ చిన్నవాళ్ళు పెద్దవాళ్ళది. తను కొత్త కాగితం మీద జబ్బు పేరు స్పష్టంగా రాసింది. కానీ ఫైలులో పాత కాగితమే మొదటిది. ఏ డాక్టరైనా మొదటి కాగితం చదువుతాడు, అక్కడితో ఆగుతాడు. పుస్తకాలు కట్టినవాణ్ణి, మనుషులు ఎంతవరకు చదువుతారో నాకు చెప్పాలా?

అయినా పాపం, ఆ మొదటి కాగితం రాసిన పెద్దాయన దగ్గరికి మమ్మల్ని తీసుకుపోయింది. ఆయన నా చేతిరాత వ్యాసాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు.

"ఎవరు రాశారిది?"

"నేనే సార్. పత్రికలో చూసి ఎత్తిరాసిన."

"ఏం చేస్తుంటావ్?"

"జిల్దులు కడత సార్. బైండింగు."

"బైండరు డయాగ్నోసిస్ చేశాడన్నమాట. రేపు మా ఇంటికి పాలుపోసేవాడొచ్చి గుండె ఆపరేషన్ చేస్తానంటాడు." కాగితాలు బల్ల మీదికి వదిలేశాడు. "నేను చూసిన రోజున ఏముందో అది రాశాను. చేతులకి మెహందీ ఉంది. కింద ఏముందో నేను కలగనాలా? ఆ మెహందీ నేను పెట్టానా?"

ఆయన నాతో మాట్లాడినంతలో అదొక్కటి నిజం. అందుకే దాన్ని ఇక్కడ రాస్తున్నాను.

"పెట్టిచ్చింది నేను సార్. ఆమె వద్దన్నది. నెగ్లిజెన్సు రాస్తే తండ్రి మీద రాయున్రి. ఆమె పేరు కొట్టెయ్యున్రి," అన్నాను.

"తండ్రులు తోమిస్తారా పళ్ళు? వెళ్ళవయ్యా, పనుంది."

అక్కడి నుంచి అర్జీల కాలం మొదలైంది. ఆసుపత్రి పెద్ద అధికారికి రాశాను. ఆయన పైనున్న అధికారికి రాశాను. తెలుగులో రాశాను, ఇంగ్లీషులో రాశాను, ఒకటి ఉర్దూలో కూడా రాశాను, ఏ భాషకు సిగ్గుంటుందో చూద్దామని. నేను అడిగింది ఒకే ఒక్క గీత. ‘తల్లి అశ్రద్ధ’ మీద అడ్డంగా ఒక గీత, పక్కన పొట్టి సంతకం. మా దుకాణంలో తప్పు పేజీ కుడితే, విప్పి మళ్ళీ కుట్టేవాళ్ళం. విప్పినందుకు ఎవరూ చచ్చిపోలేదు.

ఆఫీసు గుమాస్తాకు నేను వినోదమైపోయాను. నన్ను చూడగానే పక్కబల్ల వాడితో అనేవాడు: "అగో, పండ్ల వకీల్ సాబ్ ఒచ్చిండు."

"నా అర్జీ ఏడికొచ్చింది అన్నా?"

"పోయింది."

"ఏడికి?"

"పైకి."

"పై నుంచి?"

"కిందికి రావాలె. అన్నా, ఒక్క మాట చెప్పు. కొట్టేస్తే పండ్లు మొలుస్తయా? మరి ఎందుకీ లొల్లి?"

అందరూ అడిగేది ఇదే. బంధువులూ అడిగారు. పళ్ళు మొలవవని నాకూ తెలుసు. మా ఇంట్లో ఒక మనిషి పదేళ్ళు చంటిపిల్లకు చేసినట్టు ఒక నోటికి సేవ చేసి, చేయలేదు అనిపించుకుంది. ఆ మనిషి చదవలేదు, రాయలేదు, కోర్టుకు పోలేదు. దీన్ని లొల్లి అనేవాడికి నేనేం చెప్పను?

ఒకసారి మాత్రం ఆ గీత నా చేతికే వచ్చింది. పిల్లకు పదమూడేళ్ళు. ఒక భవనం నుంచి ఇంకో భవనానికి ఫైలు మోసుకుపోయేవాడు సెలవులో ఉంటే, గుమాస్తా ఆ ఫైలును నా చేతికే ఇచ్చి, "నువ్వే ఇచ్చిరా అన్నా," అన్నాడు. మధ్యలో పొడుగాటి వరండా, ఎవరూ లేరు. జేబులో నా సన్నకత్తి ఉంది. ఆ మొదటి కాగితాన్ని కుట్టు తెగకుండా లాగేయడం నాకు చాయ్ తాగినంత సేపు పని. ఆ తర్వాత ఆ ఫైలును ఏ మొనగాడు చూసినా అక్కడ ఒక కాగితం ఉండేదని కనిపెట్టలేడు.

లాగలేదు. వాళ్ళ చేత్తోనే కొట్టించాలని పంతం. ఇంటికొచ్చి భార్యకు చెప్పాను. "దొంగతనం జేస్తే నేను దొంగదాన్నయిత, మంచిగనే జేసినవు," అన్నది. తర్వాత లోపలికి పోతూ, "గుంజేసినా గూడ నేనేం అనకపోదును," అన్నది. ఆ రెండో మాట నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వదు.

పద్నాలుగు దాటి కొన్ని నెలలకు పిల్ల నోట్లో చివరి పన్ను పోయింది. చిన్న డాక్టరమ్మ అప్పటికి పెద్దదై, వేరేచోటికి మారబోతూ, తన చేతులతో కొలతలు తీసి పళ్ళ సెట్టు చేయించి ఇచ్చింది. మొదటిరోజు పెట్టుకొని అద్దంలో చూసుకొని మా పిల్ల అన్నది: "బాపూ, ఖాలా పండ్లు, నా పండ్లు ఒక్కటే డబ్బాల పెడదామా? పొద్దుగాల ఎవలు ముందు లేస్తే వాళ్ళకు కొత్తయి." తనవీ కట్టుడు పళ్ళే గనక ఖాలా పొట్ట పట్టుకొని నవ్వింది. నా భార్య నవ్వలేదు. ఆ రాత్రి సెట్టును గిన్నెలో నీళ్ళు పోసి, బ్రష్షుతో తోముతూ కూర్చుంది. ఒక్కో పన్ను.

చివరి అర్జీ పెట్టిన కొన్నాళ్ళకు విచారణ అని పిలుపొచ్చింది. ముగ్గురం పోయాం. నా భార్య పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. విచారణకు కూర్చున్నది ఎవరనుకున్నారు? ఆ పెద్ద డాక్టరే. ఆయన మీద అర్జీ ఆయన చేతికే వచ్చింది. జుట్టు తెల్లబడి, హోదా పెరిగి, మమ్మల్ని గుర్తుపట్టనట్టు, "సెట్టు తీయమ్మా," అన్నాడు. పిల్ల తీసింది. నోట్లోకి చూశాడు. చిగుళ్ళు మానిపోయి, శుభ్రంగా ఉన్నాయి. చేతులు చూపించమని అడుగుతాడేమోనని పిల్ల తనంతట తానే అరచేతులు తెరిచి బల్ల మీద పెట్టింది. రంగు లేదు, ఏమీ లేదు, ఉన్నది ఉన్నట్టు. ఆయన వాటివైపు చూడలేదు. ఏదో రాసుకొని, "కబురు చేస్తాం," అన్నాడు.

"ఈసారి కొడతడు బావా," అన్నది నా భార్య దారిలో. "నోరు అంత మంచిగున్నది గద. చూసిండు గద."

ఆరు వారాలకు టపాలో కవరొచ్చింది. ముద్ర ఉంది, సంతకం ఉంది. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి, చేతులు తుడుచుకొని వచ్చి, గడపలో కూర్చొని, "సదువు," అన్నది. ఈసారి నేనేమీ మార్చలేదు. ఉన్నది ఉన్నట్టు చదివాను:

"మీరు సమర్పించిన అర్జీలను పరిశీలించడమైనది. సదరు వ్యాఖ్య ఆనాడు పరీక్షించిన వైద్యుని అభిప్రాయమైనందున దానిని కొట్టివేయుటకు నిబంధనలు అనుమతించవు. అయితే, తాజా పరీక్షలో రోగి నోటియందు పళ్ళు ఏవియూ లేనట్లు రూఢి అయినందున, పళ్ళు తోమించు విషయమై తల్లిపై చేసిన సదరు వ్యాఖ్య ఇకమీదట వర్తించదని నిర్ణయించి, ఈ ఫైలును మూసివేయడమైనది."